కాలినడకను సింహళ పర్వత యాత్ర

సెలవులు వచ్చినవంటే మన కుటుంబాలలో రెండు విధాల ప్రయాణాలు జరుగుతూ వుంటవి. పెళ్ళికో పేరంటానికో బంధువుల యిండ్లకు పోవడం ఒకటి. బస్సులో కూర్చుని పదిరోజులలో పది వూళ్ళు చూచి రావడం రెండవది. మొదటిదానిలో ఆప్యాయత వున్నది. రెండవదానిలో ఫోటోలు వున్నవి. ఈ రెండూ కాక మూడవ విధమైన సెలవు ఒకటి కలదు. అందులో మన కొండ మనమే యెక్కాలి, మన మూట మనమే మోయాలి, మన రొట్టె మనమే చేసుకోవాలి.

ఆసియా ఖండంలో యిటువంటి యాత్రలకు కొదువలేదు. నేపాళంలో హిమాలయపు కాలిబాటలు వున్నవి. జపానులోని షికోకు ద్వీపంలో ఎనభై యెనిమిది ఆలయాలను చుట్టివచ్చే ప్రదక్షిణ మార్గం వున్నది. దాని నిడివి సుమారు 1,200 కిలోమీటర్లు. బోర్నియోలో 4,095 మీటర్ల కినబాలు శిఖరం వున్నది. అయితే దక్షిణాదిన స్థిరపడిన మనబోటి వారికి అన్నిటికంటె చేరువైనది సింహళమే. అక్కడి కొండసీమలో తమిళం వచ్చినవారికి దుబాసీతో పనిలేదు. పైగా ఆ కొండలకూ తెలుగువారికీ ఒక పాత చుట్టరికం వున్నది. దానిని గూర్చి ముందు ముందు మనవి చేస్తాను.

2024 ఫిబ్రవరిలో మేము అయిదుగురం బయలుదేరాము. నేను, మా ఆవిడ, మా పెద్దక్కగారు, ఆమె కుమారుడు, కోడలు. పెద్దక్కగారికి అరవై అయిదేళ్ళు. "కొండ యెక్కగలవా అక్కా?" అంటే, "తిరుమల మెట్లు యెక్కినదానను, నన్నడుగుతావేమిరా? నీ సంగతి చూసుకో" అన్నది. ఇంక మాట్లాడడానికి ఏమున్నది?

కొలంబో కోట స్టేషనులో రైలెక్కి హాటన్‌లో దిగాము. అక్కడినుంచి మస్కెలియా మీదుగా బస్సులో పోతే నల్లతన్ని అనే వూరు వస్తుంది. శ్రీపాద పర్వతానికి యిటువైపు మెట్లదారి అక్కడే మొదలు. ఈ కొండ యెత్తు 2,243 మీటర్లు. ద్వీపంలో యిది అన్నిటికంటె యెత్తైనది కాదు. ఆ గౌరవం 2,524 మీటర్ల పిదురుతలాగలది. కాని చుట్టుపక్కల కొండలనుంచి విడివడి, కొసదేలిన గోపురంలాగా నిలబడడంవల్ల అందరి కన్నూ దీనిమీదనే పడుతుంది.

శిఖరంమీద బండలో పాదం ఆకారంలో ఒక గుంట వున్నది. అది బుద్ధభగవానుని పాదమని బౌద్ధులు, శివుని పాదమని శైవులు, ఆదిపురుషుడైన ఆదాముదని మహమ్మదీయులు నమ్ముతారు. తోమా అపోస్తలునిదని చెప్పే క్రైస్తవులూ వున్నారు. మొరాకో దేశపు యాత్రికుడు ఇబన్ బటూటా 1344లో యీ కొండ యెక్కి, యెక్కేవారు పట్టుకునే యినుప గొలుసులను గూర్చి వ్రాసినాడు. నాలుగు మతాలవారు ఒకే దారిన యెక్కి, ఒకే దారిన దిగుతారు. మెట్లమీద ఆయాసపడేటప్పుడు యెవరిది యే మతమో తెలియదు.

యాత్రాకాలం డిసెంబరు పున్నమినుంచి మే నెలలోని వైశాఖ పున్నమి వరకు. ఆ రోజులలో దారిపొడుగునా దీపాలు వెలుగుతవి. టీ దుకాణాలు రాత్రంతా తెరిచి వుంటవి. సూర్యోదయానికి శిఖరం చేరాలని జనం అర్ధరాత్రి దాటిన తరువాత బయలుదేరతారు. మేము రెండు గంటలకు మొదలుపెట్టాము. అయిదు వేలకు పైగా మెట్లు. మా మేనల్లుడు లెక్కపెడతానని పందెం వేశాడు గాని, ఎనిమిది వందలు దాటగానే ఒక టీ దుకాణం దగ్గర లెక్క తప్పినాడు.

మొదట్లో దారి చదునుగా, తేయాకు తోటల మధ్యగా పోతుంది. పోనుపోను మెట్లు నిటారు అవుతవి. దారిలో ఇందికటుపహన అనే చోట యాత్రికులు తెల్లదారపు వుండ విప్పుకుంటూ కొంతదూరం నడిచి, ఆ దారాన్ని అక్కడనే వదలుతారు. బుద్ధభగవానుడు అక్కడ కూర్చుని తన కాషాయవస్త్రం కుట్టుకున్నాడని ఐతిహ్యం. మొదటిసారి యెక్కేవారు యిది తప్పక చేయాలట. పెద్దక్కగారు దారపు వుండ కొని మా అందరిచేతా పట్టించింది. దిగివచ్చేవారు, యెక్కేవారు "కరుణావయి" అని ఒకరినొకరు పలుకరించుకుంటారు. ఆ మాటలోని కరుణ మనకు పరాయిది కాదు గదా. తోవలో యాత్రికులు స్నానమాడే చల్లటి వాగు పేరు సీతగంగుల. మన సీతమ్మవారి పేరని మా ఆవిడ సంబరపడింది. సింహళంలో 'సీత' అంటే శీతలమేనని దుకాణం అతను నవ్వుతూ చెప్పినాడు.

చివరి భాగం చాలా కష్టం. చేతికి కడ్డీలు వున్నవి గాని కాళ్ళకు ఆధారం మనమే. పరుగున ముందు పోయిన మేనల్లుడు ఒక మలుపులో కూలబడి వుంటే, పది మెట్లకొకసారి నిలిచి నిదానంగా యెక్కిన పెద్దక్కగారు అతనిని దాటిపోయింది. శిఖరంమీద ఒక గంట వున్నది. ఎన్నిసార్లు కొండ యెక్కితే అన్నిసార్లు దానిని కొట్టడం ఆచారం. మేము తలా ఒకసారి కొట్టాము. మా వెనుక వచ్చిన ఒక సింహళపు ముసలమ్మ కొట్టుతూనే వున్నది. మేము లెక్కపెట్టడం మానుకున్నాము. సూర్యుడు పైకి రాగానే కొండ నీడ పడమటి దిక్కున మంచుమీద ముక్కోణంలాగా పడింది. ఆ దృశ్యం కొద్ది నిమిషాలపాటే. దానిని చూడడానికి నాలుగు గంటలు నడిచామన్నమాట.

ఇక చుట్టరికం సంగతి. కండి రాజ్యాన్ని 1739నుంచి 1815వరకు పాలించిన నలుగురు రాజులు నాయక వంశీయులు. మధుర ప్రాంతంనుంచి వచ్చిన, తెలుగు మూలంగల కుటుంబాలవారు. వారిలో కీర్తిశ్రీ రాజసింహుడు 1747 మొదలు 1782 వరకు యేలినాడు. క్షీణించిన బౌద్ధసంఘాన్ని నిలబెట్టడానికి సయాం దేశంనుంచి భిక్షువులను రప్పించి 1753లో ఉపసంపద మరల ఆరంభింపజేసినది ఆయనే. శ్రీపాదక్షేత్రాన్ని తిరిగి బౌద్ధభిక్షువుల అధీనం చేసినదీ ఆయనే. పుట్టుకచేత పరాయివాడైనా, తాను చేరిన దేశపు ధర్మాన్ని తనదిగా కాపాడినాడు. తరతరాలుగా పరభాషా ప్రాంతాలలో బ్రతుకుతున్న మనకు యీ చరిత్ర ఆలోచింపదగినది.

కొండ దిగిన రెండవనాడు, కాళ్ళనొప్పులు కాస్త తగ్గిన తరువాత, తేయాకు దారులు పట్టాము. వెనుక తోటల నడుమ గుర్రాలు, బండ్లు నడిచిన పాతబాటలను కలిపి యీమధ్యనే 'పెకో ట్రెయిల్' అనే నడకమార్గం యేర్పరచినారు. కండి దగ్గర హంతాన వద్ద మొదలై, హాటన్, హపుతలే, ఎల్ల మీదుగా తిరిగి నువర ఎలియ చేరుతుంది. మొత్తం మూడు వందల కిలోమీటర్లకు పైగా, యిరవై రెండు భాగాలు. ఓపికను బట్టి ఒక్కొక్క భాగం ఒక్కొక్క పూట నడవవచ్చును. 1867లో జేమ్స్ టెయిలర్ అనే స్కాట్లండు దొర పందొమ్మిది ఎకరాలలో తేయాకు నాటిన లూలెకొందెర తోట యీ దారిలోనిదే. అంతకు ముందు ఆ కొండలన్నీ కాఫీ తోటలు. 1869లో ఆకుతెగులు సోకి కాఫీ నాశనం కావడంతో తేయాకుకు రాజయోగం పట్టింది.

ఒక తోటలో మమ్మల్ని కూడ ఆకు కోయనిచ్చారు. రెండాకులు, ఒక మొగ్గ. అంతకు మించి తుంచరాదు. వినడానికి సులభమే. అరగంటసేపు వంగి కోస్తే మా అయిదుగురి ఆకూ కలిసి ఒక చిన్నసంచి అడుగుకు వచ్చింది. అక్కడి ఆడవారు రోజుకు పద్దెనిమిది యిరవై కిలోలదాకా కోయవలసి వుంటుంది. నాలుగున్నర కిలోల పచ్చియాకు వాడ్చి, నలిపి, పులియబెట్టి, ఆరబెడితే సుమారు కిలో టీపొడి అవుతుంది. ఆ లెక్క తెలిసిన తరువాత మా యింట్లో గ్లాసులో టీ మిగల్చడం మానినారు.

ఆ తోటలో పనిచేసే ఒకామె మా బూట్లకేసి, చేతికర్రలకేసి చూచి, "ఇట్లా నడిస్తే మీకు కూలి యెంత యిస్తారు?" అని తమిళంలో అడిగింది. కూలి లేదు, మేమే ఖర్చుపెట్టుకుని వచ్చామంటే ఆమె చాలాసేపు నవ్వింది. తరువాత తన పూర్వులు రామేశ్వరం వైపునుంచి పడవదిగి, మన్నారునుంచి కొండలదాకా నడిచి వచ్చిన సంగతి చెప్పింది. కాఫీ తోటల కాలంలో తమిళ జిల్లాలనుంచి వచ్చిన కూలీలలో చాలమంది ఆ అడవిదారినే నడిచారు. జ్వరాలతో, ఆకలితో దారిలో రాలిపోయినవారు యెందరో. ఇంత చేసిన ఆ జనానికి 1948 నాటి చట్టంవల్ల పౌరసత్వమే లేకుండా పోయింది. 1964లో శాస్త్రి–సిరిమావో ఒడంబడికతో లక్షలమందిని పంచుకున్నారు. మిగిలిన వారి చిక్కు 2003 చట్టంతో గాని తీరలేదు. వారు వచ్చి రెండు వందల యేళ్ళయిన సందర్భాన 2023లో వారి సంతతివారు తలైమన్నారునుంచి మాతలే వరకు ఆ దారినే మరల నడిచినారు. మనం వేడుకకు నడిచే బాట ఒకరి చెమటతో పడిన బాట. ఇది తెలిసి నడిస్తే తోటలో ఫోటో తీసుకునే ముందు అనుమతి అడగాలని యెవరూ మనకు చెప్పనక్కరలేదు.

సాయంత్రం బసచేసిన యింటి యిల్లాలు మా ఆడవారిచేత కొబ్బరి తురిమించింది. బల్లకు బిగించిన తురుముపీట చక్రం ఒక చేత్తో త్రిప్పుతూ, రెండవచేత్తో చిప్ప పట్టుకోవాలి. ఎండుమిరప, వుల్లి, నిమ్మరసం చేర్చి నలిపితే పొల్ సంబోల్. కొబ్బరి కలిపిన రొట్టెతో తింటే మన పచ్చడి జ్ఞాపకం వచ్చింది. "చింతపండు వేస్తే యింకా బాగుండేది" అని పెద్దక్కగారు తీర్పు చెప్పింది.

ఆ దేశంలో తెలుగు మాట్లాడేవారు యిప్పటికీ వున్నారని మనలో చాలమందికి తెలియదు. పామునాడించుతూ, కోతినాడించుతూ, చేయి చూచి జోస్యం చెపుతూ సంచారం చేసిన అహికుంటికులు వారు. ఇప్పుడు అనురాధపురం జిల్లాలోని కుడాగమ, తూర్పు తీరాన అలిగంబె వంటి చోట్ల స్థిరపడినారు. వారి పిల్లల బడి సింహళంలోనో, తమిళంలోనో. తెలుగు అక్షరం నేర్పేవారు లేరు. అయినా యిండ్లలో మాటగా తెలుగు యిన్ని తరాలు నిలిచింది. చిన్నవారిలో యిప్పుడిప్పుడే సన్నగిల్లుతున్నది. మనకు సంఘం వున్నది, పత్రిక వున్నది, కోరితే పుస్తకం వున్నది. వారికి అమ్మ నోరు ఒక్కటే వున్నది. ఈ సంగతి మా మేనల్లుడికి చెపితే, ఆ రాత్రి కొలంబోకు వ్రాయవలసిన సందేశం వాళ్ళమ్మచేత అక్షరాలు దిద్దించుకుని తెలుగులోనే వ్రాసినాడు.

వెళ్ళదలచినవారికి కొన్ని సూచనలు. శ్రీపాదానికి పున్నమి రోజులలోను, సెలవు దినాలలోను తొక్కిడి యెక్కువ. మామూలు రోజు యెంచుకోండి. శిఖరంమీద చలి గట్టిది, ఉన్ని బట్ట తప్పదు. యెక్కేటప్పటికంటె దిగేటప్పుడే మోకాళ్ళకు శ్రమ, చేతికర్ర వుంచుకోండి. వానలలో జలగలు పట్టుతవి. గుండెజబ్బు, మోకాళ్ళ జబ్బు వున్నవారు వైద్యుని అడిగి బయలుదేరడం మేలు. 2025 నవంబరులో దిత్వా తుపానువల్ల కొండసీమలో చరియలు విరిగిపడి రైలుమార్గానికి పెద్ద నష్టం కలిగింది. కాబట్టి రైలు యెక్కడిదాకా నడుస్తున్నదో, యే కాలిబాట తెరిచివున్నదో విచారించుకునే పోవాలి. దెబ్బతిన్న వూళ్ళలో బసచేసి, అక్కడ తిని, అక్కడ కొనడం వారికి సాయమే.

సముద్రం దాటే వీలులేనివారు వేలూరు పోవచ్చును. కండి చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుని ఆంగ్లేయులు 1816లో అక్కడికి తెచ్చి కోటలో వుంచినారు. 1832లో ఆయన అక్కడనే కన్నుమూసినాడు. పాలారు ఒడ్డున ముత్తుమండపంలో ఆయన సమాధి వున్నది. కోటనుంచి అక్కడికి పిల్లలను నడిపించుకుని పోయి, దారిలో యీ కథ తెలుగులో చెప్పండి. ఒక ఆదివారం చాలును.