న్యాయశాస్త్ర పఠనమున నా తొలి పాఠము

తనకు తెలియని దానిని బాలురకు బోధింపరాదని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు మొట్టమొదట నేర్పిరి. ఆ నియమమును తరగతిగదిలో ఎన్నడును తప్పలేదనియే నేను తలంచుచుంటిని. కాని తెలియని దానికంటె అపాయకరమైనది మరియొకటి కలదు. ఒకప్పుడు నిజమై, నేడు నిజము కాని దానిని నిజమని నమ్మి చెప్పుటయే యది. ఈ సంగతి నేను న్యాయశాస్త్ర విద్యార్థినైన పిమ్మటగాని గ్రహింపలేదు. మన బాలబాలికలకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునేమో యని నా పొరపాటును దాచక యిచట వ్రాయుచున్నాను.

2019వ సంవత్సరమున నేను ఉద్యోగమునకు సెలవు పెట్టి మూడేండ్ల న్యాయశాస్త్ర తరగతిలో చేరితిని. న్యాయవాదినై ధనమార్జింపవలెనను కోరిక నాకు లేకుండెను. పిల్లల తలిదండ్రులు అప్పుడప్పుడు కచేరీ కాగితములు చేతబట్టుకొని నాయొద్దకు వచ్చెడివారు. వానిని చదివి వినిపింపగలుగుచుంటినే గాని, వాని భావమిదియని చెప్పలేకుంటిని. ఆ కొరత తీర్చుకొనుటకే నలుబదవ యేట మరల బల్లపై కూర్చుంటిని.

చట్టములు కంఠస్థము చేయుటయే న్యాయవిద్య యని నా తలంపు. సెక్షన్ల సంఖ్యలు గడగడ చెప్పుచుండగా తోటి విద్యార్థులు ఆశ్చర్యపడెడివారు. అందుచేత నాకు కొంత గర్వము కూడ కలిగెను.

2021వ సంవత్సరారంభమున, కరోనా వ్యాధివలన మూతపడిన కళాశాల మరల తెరచిన దినములలో, ఒక గురువారము సాయంకాలమున మా పొరుగున కుట్టుపని చేసికొను ఒక పెద్దామె మా యింటికి వచ్చినది. ఆమె వితంతువు. 1982లో వివాహమైనది. తల్లి ముందుగనే గతింపగా, తండ్రి 2001లో వీలునామా వ్రాయకయే మరణించెను. తాతలనాటి తొమ్మిదెకరముల భూమి పంపకము కాక ఉమ్మడిగనే యున్నది. తమ్ములిద్దరు.

“మాష్టారూ, ఒక ఎకరం ఖరీదు ఇస్తాం, హక్కు వదులుకున్నట్టు కాగితం రాసియ్యి అంటున్నారు. సోమవారం రిజిస్ట్రారాఫీసుకు రమ్మన్నారు. నాకు వచ్చేది అంతేనా?” అని యడిగెను.

నేను పాత పుస్తకముల అంగడిలో చవుకగా కొన్న గ్రంథమును తీసితిని. 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అమలులోనికి వచ్చునట్లు ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ, కుమార్తెలకు సమాన వాటా నిచ్చినది గాని, అంతకుముందే వివాహమైనవారికి కాదు. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి అమలైన పార్లమెంటు సవరణ ఆ భేదమును తీసివేసినది. అయితే 2015లో ఫూలవతి వ్యాజ్యమున సుప్రీంకోర్టు న్యాయమూర్తులిరువురు, ఆ తేదీనాటికి తండ్రియు కుమార్తెయు ఇరువురును జీవించి యుండవలెనని తీర్పు చెప్పిరి. ఆమె తండ్రి అప్పటికే లేడు. కావున పాత లెక్కయే మిగిలినది. తండ్రికిని ఇద్దరు కొడుకులకును మూడేసి యెకరములు. తండ్రి మూడెకరములు ముగ్గురు బిడ్డలకు ఒక్కొక్కటి.

“ఒక యెకరమే నమ్మా. నీ తమ్ములు న్యాయముగనే చెప్పుచున్నారు” అంటిని.

“చదువుకున్నవారు, మీరు చెప్పాక ఇంకేముంది” అని ఆమె లేచి పోయెను.

మరునాడు ఈ సంగతిని మా అధ్యాపకునితో కొంత గొప్పగనే చెప్పితిని. ఆయన మెచ్చుకొనలేదు, గద్దింపలేదు. “మీ పుస్తకమెప్పుడు అచ్చయినది?” అని యడిగెను. 2017 అంటిని. “ఆ తీర్పు నేటికిని నిలిచియున్నదా?” అని మరల అడిగెను. నాయొద్ద జవాబు లేదు. ఆయన గ్రంథాలయము వైపు చేయి చూపెను.

ఆ దినమంతయు గ్రంథాలయములోనే గడిపితిని. మొదట చట్టమునే తీసి, హిందూ వారసత్వ చట్టములోని 6వ సెక్షనును అక్షరమక్షరము చదివితిని. కంఠస్థము చేసినపుడు నేను విడిచిన మినహాయింపులును, అడుగున చిన్న అక్షరములలో నున్న సవరణ తేదీలును అప్పుడు కంటబడెను. 2004 డిసెంబరు 20వ తేదీకి ముందు జరిగిన పంపకములను క్రొత్త సవరణ కదల్పదు. ఈ కుటుంబములో పంపకమే జరుగలేదు గదా!

తరువాత ఆ సెక్షనును గూర్చిన తీర్పులను సూచికలలో వెదకి, ఏటివరుసగా కాగితముపై వ్రాసికొంటిని. ప్రతి తీర్పు ప్రక్కన న్యాయమూర్తుల సంఖ్యను వేసితిని. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయము దేశమునందలి యితర న్యాయస్థానములన్నియు పాటింపవలసినదని రాజ్యాంగము 141వ అధికరణము చెప్పుచున్నది. ఆ కోర్టులోనే సమసంఖ్యగల ధర్మాసనముల అభిప్రాయములు భేదించినచో, పెద్ద ధర్మాసనము తేల్చవలెను. 2018లో దానమ్మ వ్యాజ్యమున మరి యిరువురు న్యాయమూర్తులు, తండ్రి 2001లో మరణించినను కుమార్తెలకు సమాన వాటా నిచ్చిరి. ఈ రెంటిలో నేది నిలుచును?

వరుసలో చివరిది 2020 ఆగస్టు 11వ తేదీనాటి వినీతా శర్మ తీర్పు. ముగ్గురు న్యాయమూర్తులు. కుమార్తె హక్కు ఆమె జన్మమువలననే కలుగును. 2005 సెప్టెంబరు 9వ తేదీకి తండ్రి బ్రదికియుండ నక్కరలేదు. ఫూలవతి తీర్పు రద్దయినది. ఇది వెలువడి అప్పటికి ఆరుమాసములు. నేను న్యాయశాస్త్ర విద్యార్థినై యింట కూర్చుండగనే వెలువడినది!

మొదట తీర్పు పైభాగముననున్న సంగ్రహమును మాత్రము చదివి లేవబోయితిని. కాని సంగ్రహము తీర్పులో భాగము కాదనియు, సంపుటమును కూర్చినవారు వ్రాసినదనియు అధ్యాపకుడు పూర్వము చెప్పియుండెను. కావున మరల కూర్చుండి, తీర్పునకు ఆధారమైన హేతువేదియో, ప్రసంగవశమున వచ్చిన మాటలేవో వేరుచేయుచు ప్రధాన భాగములు చదివితిని. పిమ్మట లెక్క వేసితిని. తండ్రియు ముగ్గురు బిడ్డలును కలిసి నలుగురు, ఒక్కొక్కరికి రెండుంబావు. తండ్రి రెండుంబావులో ఆమెకు ముప్పావు. వెరసి మూడెకరములు. నా పాండిత్యము ఒక పేదరాలికి రెండెకరముల నష్టము తేబోయెను.

శనివారము తెల్లవారగనే వారి యింటికి పోయితిని. “మొన్న ఒకటే అన్నారుగా మాష్టారూ?” అని ఆమె అమాయకముగా అడిగినపుడు నాకు తల వంగిపోయెను. “మొన్న చెప్పినది తప్పమ్మా. పాత పుస్తకము చూచి చెప్పితిని. నేనింకను విద్యార్థిని మాత్రమే, నా మాటయే నమ్మవద్దు” అని, సోమవారము ఆమెను జిల్లా న్యాయసేవల సంస్థకు తీసికొనిపోతిని. 1987నాటి న్యాయసేవల సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, వారి ఆదాయమెంతయైనను, ఉచిత న్యాయసహాయము లభించును. అచటి న్యాయవాది కాగితములన్నియు చూచి మూడెకరములే యనెను.

కొన్ని మాసములకు తమ్ములు సమ్మతించిరి. ఆమె మాత్రము రెండెకరములే తీసికొని, మూడవదానిని తండ్రికి కడవరకు పరిచర్య చేసిన చిన్నతమ్మునికి విడిచినది. నాకు లోలోపల బాధ కలుగగా ఆమె నవ్వి, “నాదని తెలిశాకే గదా ఇచ్చాను” అనెను. తెలిసి విడిచినది దానము. తెలియక విడిచినది నష్టము. ఆ రెంటికిని నడుమ నున్నది ఒక దినపు గ్రంథాలయ శ్రమ.

సెలోపెహాదు కుమార్తెలు తమ తండ్రి స్వాస్థ్యమునకై మోషే యెదుట నిలిచిన కథ మన పిల్లలెరుగుదురు. మోషే తనకు తోచిన జవాబు అప్పటికప్పుడు చెప్పలేదు. వారి వ్యాజ్యమును దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. సంఖ్యాకాండము 27వ అధ్యాయమున దొరికిన ఆ నిర్ణయమునకు 36వ అధ్యాయమున ఒక నిబంధన చేరినది. మొదటిదానిని చదివి గ్రంథము మూసినవానికి సగమే తెలియును.

విద్యార్థులారా! నేను మరల మీ నడుమకు వచ్చిన పిమ్మట పాఠము చెప్పుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుచున్నాను. దీనిని ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? తరువాత ఎవరైన మార్చిరా? 2014 జూన్ 2వ తేదీకి ముందు అచ్చయిన పటములో తెలంగాణ ప్రత్యేక రాష్ట్రముగా కనబడదు. అచ్చువేసినవాడు అబద్ధమాడలేదు, కాలము మారినది. మీరును పుస్తకము తెరచినపుడు ముందుగా అచ్చయిన సంవత్సరమును చూడుడు.

తలిదండ్రులారా! సుప్రీంకోర్టు తన తీర్పులను ఉచితముగా చదువుకొనుటకు అంతర్జాలమున ఉంచినది. కొన్ని తెలుగులోను దొరకును. ఐనను దస్తావేజుపై చేవ్రాలు చేయుటకు ముందు తెలిసిన న్యాయవాదిని అడుగుడు. అడిగినపుడు, “ఇది నేటికిని నిలిచియున్నదా?” అను మాట మరువకుడు. ఆ ప్రశ్న నన్నడిగిన గురువునకు నేనెన్నటికిని ఋణపడియున్నాను.