పథ్యం పుస్తకాలు

వారం రోజులు జ్వరంతో లంఖణాలు చేసిన మనిషికి ఎనిమిదోనాడు పులిహోరా బొబ్బట్లూ వడ్డిస్తే ఏమవుతుంది? అడగవలసిన ప్రశ్న కాదు గదా! పుస్తకాల విషయంలో సరిగ్గా ఆ పనే చేశాను నేను.

చిన్నప్పుడు నేను భోజనం చేస్తూ చదివేవాణ్ణి. చింతపండు పొట్లం కట్టిన కాగితాన్ని కూడా వదిలేవాణ్ణి కాదు. అలాంటివాణ్ణి, ఉద్యోగమూ, పిల్లల చదువులూ, ఆ తరవాత చేతిలోకి వచ్చిన సెల్‌ఫోనూ – వీటి ధర్మమా అని పదకొండేళ్ళుగా ఒక్క పుస్తకం కూడా ఆసాంతం చదవలేదు. కొనడం మాత్రం మానలేదు సుమండీ! జనవరిలో విజయవాడ పుస్తకాల పండగకి వెళ్ళడం, సంచీ నిండా తెచ్చుకోవడం, అద్దాల బీరువాలో పెట్టి తాళం వెయ్యడం. అప్పులవాడు ఎదురైతే సందు మళ్ళినట్టు ఆ బీరువాకేసి చూడకుండా తిరిగేవాణ్ణి.

ఈ గుట్టు ఎప్పటికీ బయటపడేది కాదు. కాని మా నాన్నగారికి చూపు పోయింది. ఆయనకి ఎనభై ఎనిమిదేళ్ళు. నీటికాసుల జబ్బు, పోయిన చూపు మళ్ళీ రాదన్నారు డాక్టరుగారు. ఆయన తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. కాఫీ లేకపోయినా ఉండగలరు గాని పుస్తకం లేకుండా ఉండలేరు. నెల్లాళ్ళు ఏమీ అనలేదు. ఒక సాయంత్రం పడక్కుర్చీలో కూర్చుని, మొహమాటపడుతూ, “ఒరే, నీకు తీరికుంటే ఏదన్నా చదివిపెడతావురా?” అన్నారు. నన్ను ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదలు.

నేను పొంగిపోయాను. ఘనంగా ఉండాలని ‘వేయిపడగలు’ దించాను. విశ్వనాథవారి మీద నాకు భక్తి లేక కాదు, ఊపిరి లేక. మూడో పేజీకి గొంతు తడారిపోయింది. వాక్యం మొదట్లో ఉన్న కర్త, క్రియ దగ్గరికి వచ్చేసరికి నాకు జ్ఞాపకం లేడు. కళ్ళు అక్షరాల మీద, మనసు జేబులోని ఫోను మీద. రెండు కాగితాలు కలిసి తిరిగిపోయాయి. నాకు తెలియలేదు. చూపులేని మా నాన్నగారికి తెలిసిపోయింది.

“చాల్లేరా, అలిసిపోయావు,” అన్నారు మెల్లిగా. తిట్టినా బాగుండేది.

మర్నాడు కాఫీ వేళ ఆయనే వైద్యం చెప్పారు. “తప్పు పుస్తకానిదీ కాదు, నీదీ కాదు. లంఖణాలు చేసినవాడికి ముందు పథ్యం పెట్టాలి. బీరకాయ కూర, మిరియాల చారు. మీ అమ్మ పోయాక నేనూ ఏడాదిపాటు అక్షరం చదవలేకపోయాను. అప్పుడు నన్ను బతికించింది ఎవరనుకున్నావు? డిటెక్టివు యుగంధరూ, అతని అసిస్టెంటు రాజూను!”

నేను నిర్ఘాంతపోయాను. మనుచరిత్ర పాఠం చెప్పినాయన దిండు కింద కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు నవలలా!

“మీ కంటపడకుండా చదివేవాణ్ణి లే,” అన్నారు ఆయన నవ్వుతూ.

ఆయన పెట్టిన పథ్యం కఠినమైనదేమీ కాదు. ఒక్క కూర్చోడంలో అయిపోయేది చదవాలి. నచ్చకపోతే మూసెయ్యడానికి సిగ్గుపడకూడదు. ఫోను మాత్రం వంటింట్లో, బియ్యం డబ్బా మీద.

అలా ‘అమరావతి కథలు’ మొదలుపెట్టాం. సత్యం శంకరమంచిగారు 1970లలో ఆంధ్రజ్యోతి వారపత్రికలో రాసినవి. మొత్తం నూరు. ఒక్కొక్కటీ మూడు నాలుగు పేజీలకి మించదు. మొదటి రాత్రి ఒక్క కథే. అది పూర్తయినప్పుడు, పదకొండేళ్ళ తరవాత దేన్నో చివరిదాకా చదివానన్న సంతోషం కలిగింది. నవ్వకండి! వారం తిరిగేసరికి రెండు, ఆ పైన మూడు. కథకో బాపు బొమ్మ. “బొమ్మ ఎలా వేశాడురా?” అని అడిగేవారు నాన్నగారు. ఆడమనిషి నిలబడిన తీరూ, ముడీ, చీర కుచ్చిళ్ళూ చెప్పవలసి వచ్చేది. చెప్పాలంటే చూడాలి గదా! ఒక బొమ్మకేసి అంతసేపు నేను ఎన్నడూ చూసి ఎరగను.

నూరూ అయ్యాక ‘బారిష్టరు పార్వతీశం’ పట్టుకున్నాం. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ఈ నవల మొదటి భాగం 1924 నాటిది. నూరేళ్ళు దాటినా మొగల్తూరు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా సీమకి బయలుదేరుతూంటే పక్కనే నడుస్తున్నట్టుంటుంది. నాన్నగారికి సగం కంఠతా వచ్చు. హాస్యం రావడానికి రెండు వాక్యాల ముందే నవ్వడం మొదలుపెట్టేవారు. ఆయన్ని చూసి నేనూ నవ్వి, ఎక్కడున్నానో మరిచిపోయేవాణ్ణి.

మొన్న రాత్రి మధ్యలో ఆయనకి కునుకు పట్టింది. నేను దీపం ఆర్పలేదు. ఒక్క పేజీ అనుకున్నాను. గడియారం చూస్తే ఒంటిగంటన్నర! ఫోను వంటింట్లోనే ఉంది, దాని సంగతే గుర్తు రాలేదు.

తెల్లవారి కాఫీ ఇస్తూంటే, “ఎంతదాకా వచ్చాం?” అన్నారు.

“ఓడ ఎక్కాడు నాన్నగారూ,” అన్నాను ఏమీ ఎరగనట్టు.

“అబద్ధం. రాత్రి కాగితాలు తిప్పడం వినపడింది. నన్ను రేవులో వదిలేసి నువ్వు సీమ చేరావు. పద, వెనక్కి రా, నన్నెక్కించుకో!”

మళ్ళీ ఓడ దగ్గర్నించీ మొదలుపెట్టాను.