చేపల తొట్టికి బాయి లెక్క

శ్రీరాంపూర్ కాలనీలో ఆ షెడ్డుకు బోర్డు లేదు. సింగరేణి క్వార్టర్ల వరస దాటాక, కూలర్లకు గడ్డి మార్చే కొట్టు పక్కన నాలుగు రేకులు, వాటి కింద ఒక కటింగ్ మిషను, పొడుగాటి బల్ల, గోడవారగా ఖాళీ గాజు తొట్లు. ఇక్కడ చేపలు అమ్మరు. తొట్టి మీద పెట్టే మూతలు చేస్తారు. లోపల లైట్లు బిగించి, ఫ్యాన్లు పెట్టి, తొట్టి కొలతకు సరిపోయేట్టు కోసి ఇస్తారు. మంచిర్యాల, గోదావరిఖని దుకాణాల వాళ్లు వాట్సాప్‌లో కొలతలు పంపితే చాలు, మూత తయారై ఆటోలో వెళ్లిపోతుంది.

చేసే పెద్దాయన సర్వీసంతా భూగర్భ గనిలో, ఇక్కడివాళ్ల మాటలో బాయిలో, గాలి పని చూసి రిటైరయ్యాడు. కొన్నాళ్లు మెయిన్ ఫ్యాన్ దగ్గర డ్యూటీ, తర్వాత లోపల తలుపులు, గోడలు, పరదాలు చూసే గ్యాంగులో. కాలనీలో అందరికీ ఆయన కాకే, నాకూ అంతే. వైరింగు పని కొడుకుది.

నేను వెళ్లేసరికి బల్ల మీద రిపేరుకొచ్చిన నాలుగడుగుల మూత ఉంది. ఎవరో ముచ్చటపడి చేయించుకున్నదే. నల్లటి షీటు, లోపల మూడు వరసల ఎల్ఈడీ పట్టీలు, వెనక వైపు కుడి మూలన కంప్యూటర్లలో వాడే చిన్న ఫ్యాను. కంప్లయింటేమిటంటే, ఫ్యాను రాత్రీ పగలూ తిరుగుతున్నా లైట్లు మాడిపోతున్నాయి, నీళ్లు వేడెక్కుతున్నాయి. కొన్నవాడు ఇంకో ఫ్యాను పెట్టమని పంపాడు.

కాక ఫ్యాను సంగతి ముట్టుకోలేదు. మూతను ఖాళీ తొట్టి మీద పెట్టి, లైట్లు వేసి, అగరుబత్తి వెలిగించాడు. దాన్ని మూత చుట్టూ మెల్లగా తిప్పుతుంటే ఒక్కచోట పొగ చటుక్కున లోపలికి పోయింది. ఫ్యానుకు జానెడు దూరంలో గాలి కోసమని కోసిన చీలికలవి. లోపలికి పోయిన పొగ అక్కడికక్కడే తిరిగి ఫ్యానులోంచి బయటికొచ్చేసింది. ఎడమ చివర అగరుబత్తి పెడితే పొగ కదలకుండా నిలువుగా లేచింది. ఆ చివర మూత మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. కాలింది.

"సూసినవా సారూ, గాలి దగ్గరి తొవ్వ పట్టింది. దానికి నాలుగడుగులు నడవాల్సిన ఖర్మ ఏమున్నది? ఇంకో ఫ్యాను పెడితే గిదే తొవ్వల ఇంకింత జోరుగ పోతది."

చీలికల మీద టేపు అంటించాడు. ఎడమ చివర అడుగువైపున ఫ్యాను వెడల్పుకు తగ్గకుండా కొత్త చీలికలు కోశాడు. మళ్లీ అగరుబత్తి. ఈసారి పొగ ఎడమ నుంచి దూరి, లైట్ల పట్టీల మీదుగా బారుగా పాకి, కుడి మూలన బయటికొచ్చింది. ఫ్యాను అదే, కరెంటు అదే. కాసేపటికి ఎడమ చివర చెయ్యి ఆనించగలిగాను.

గనిలో ఈ దొంగదారికే షార్ట్ సర్క్యూట్ అంటారు. భూగర్భ గనికి కనీసం రెండు దారులుంటాయి. ఒకదాంట్లో మంచి గాలి దిగుతుంది, రెండోదాని నోట పైన మెయిన్ ఫ్యాను కూర్చుని చెడ్డ గాలిని పీలుస్తుంది. ఆ రెంటి మధ్య అడ్డదారులన్నిటికీ గోడలు, జంట తలుపులు, పరదాలు కట్టి, బొగ్గు తీసే ఫేసు చుట్టి వస్తే తప్ప గాలి బయటికి పోలేకుండా చేస్తారు. అలా చేసినా మెయిన్ ఫ్యాను లాగే గాలి మొత్తం ఫేసుకు చేరదు. ప్రతి తలుపు సందూ, ప్రతి గోడ పగులూ కాస్త కాస్త మింగుతుంది. ఎవడైనా బద్ధకించి తలుపు తెరిచి వదిలేశాడా, అవతల పనిచేసేవాడికి చెమట ఆరదు. శ్రీరాంపూర్ ఏరియాలో ఆర్కే 5, ఆర్కే 7, ఎస్సార్పీ 3 వంటి గనుల్లో దిగినవాళ్లకు ఇది పుస్తకంలో చదివే సంగతి కాదు, ఒంటికి తెలిసిన సంగతి.

ఒక్కటే దారి ఉంటే ఏమవుతుందో ప్రపంచానికి నేర్పిన గని ఇంగ్లండులోని హార్ట్లీ. 1862 జనవరిలో అక్కడ పంపింగ్ ఇంజను దూలం విరిగి, ఉన్న ఒక్క షాఫ్టులో పడి దారి మూసేసింది. 200 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో చాలామంది లోపలే ఊపిరాడక. ఆ ఏడే గనికి రెండు దారులు ఉండాలని బ్రిటన్ చట్టం చేసింది. అంతకు మూడు శతాబ్దాల ముందే, 1556లో అచ్చయిన అగ్రికోలా గనుల పుస్తకంలో చేత్తో తిప్పే ఫ్యాన్ల బొమ్మలున్నాయి. ఫ్యాను పాత తెలివే. రెండు దారుల నియమం మాత్రం ఇంత మంది పోయాక వచ్చింది.

ఎంత గాలి కావాలన్న లెక్క కూడా కాక గని నుంచే తెచ్చుకున్నాడు. 2017 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం ప్రతి వెంటిలేషన్ డిస్ట్రిక్టులో, అంటే విడిగా గాలి అందే ప్రతి గని భాగంలో, మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు గానీ, రోజుకు తీసే టన్ను బొగ్గుకు 2.5 ఘనపు మీటర్లు గానీ, ఏది ఎక్కువైతే అంత గాలి అందాలి. మూతకు అంత అక్కర్లేదు. ఎల్ఈడీలు తాగే కరెంటులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. మూతలో 60 వాట్ల వేడి పుడుతోందనుకుంటే, లోపలి గాలి గది కంటే 5 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండటానికి నిమిషానికి సుమారు 0.6 ఘనపు మీటరు చాలు. గనిలో ఒక మనిషి వాటాలో పదో వంతు. 80 మిల్లీమీటర్ల ఫ్యాను, దారి సాఫీగా ఉంటే, దాదాపు అంత నెట్టుకొస్తుంది. సన్నటి జాలీ బిగించి, చీలికలు ఇరుగ్గా కోస్తే అందులో సగం కూడా రాదు. వెనకటి మెటల్ హాలైడ్ దీపాలైతే ఒక్కోటి 150 వాట్లు, 250 వాట్లు. వాటికి ఈ చిన్న ఫ్యాన్లు ఏ మూలకూ చాలవు. ట్యూబ్‌లైట్ మూతల కాలంలో చోకును కూడా లోపలే బిగించేవారు. అది వేరే పొయ్యి.

తరవాత ఆయన చూపించిన సొంత మూత నాకు బాగా నచ్చింది. లోపల రెండు అంతస్తులు. పైన లైట్లు, కింద నీటి ఉపరితలం, మధ్యలో పలచటి గాజు పలక. పై అంతస్తుకు ఒక ఫ్యాను, కింది అంతస్తుకు ఇంకొకటి, దేని దారులు దానివే. పై ఫ్యాను గది గాలిని లోపలికి తోస్తుంది. కింది ఫ్యాను నీటి మీదికి వాలుగా ఊది, తడి గాలిని అవతలి చివర నుంచి పంపుతుంది.

"రెండు డిస్ట్రిక్టులు," అన్నాడు. "నీళ్ల మీది తడి గాలి లైట్ల మీదికి పోనియ్యద్దు. కరెంటు సామాను ఎప్పుడైనా మంచి గాలి దిక్కే ఉండాలె. బాయిల గట్లనే పెడుతుంటిమి."

మూతలో ఫ్యాను లోపలికి ఊదాలా, బయటికి లాగాలా అని అక్వేరియం పెంచేవాళ్లలో ఎప్పుడూ వాదులాటే. లాగితే నీటి ఆవిరంతా లైట్ల మీదుగా పోయి టంకాలకు చిలుం పడుతుంది. ఉప్పునీటి తొట్టయితే ఇంకా తొందరగా. ఊదితే వేడి గాలి నీటి మీదికి దిగుతుంది. మధ్యలో గాజు పెట్టేశాక ఆ వాదానికి పెద్ద పనుండదు. గనుల్లో మెయిన్ ఫ్యాను సాధారణంగా లాగే రకం, ఫేసు దగ్గరి చిన్న ఫ్యాన్లు చాలాచోట్ల గొట్టాల ద్వారా ఊదే రకం. ఏ పని ఎక్కడన్నదాన్ని బట్టి దిక్కు మారుతుంది. నా ఓటు కాక గాజు పలకకే.

కింది ఫ్యాను చేసే పని చల్లార్చటం. నీరు ఆవిరైతే వేడిని తీసుకుపోతుంది. 200 లీటర్ల తొట్టిలో ఒక లీటరు ఆవిరైతే, బయటి నుంచి వేడి చేరకపోతే, మిగిలిన నీరు దాదాపు 3 డిగ్రీలు దిగుతుంది. చేపకు ఆ 3 డిగ్రీలు చిన్న విషయం కాదు. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 8.2 మిల్లీగ్రాముల వరకూ ఆక్సిజన్ కరుగుతుంది, 35 డిగ్రీల దగ్గర 7 కూడా కరగదు. పైగా వేడికి చేప ఊపిరి జోరు పెరుగుతుంది. గోల్డ్‌ఫిష్ అసలే చల్లనీళ్ల చేప. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే అవి పైకొచ్చి నోళ్లు తెరవటం ఈ కాలనీ పిల్లలందరూ చూసిందే.

అయితే ఈ చల్లదనానికి ఒక హద్దుంది. గోడకు మేకు కొట్టి కాక వేలాడదీసిన జంట థర్మామీటర్ ఆ హద్దు చూపిస్తుంది. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి ఉంటుంది. అదే వెట్ బల్బ్. నీరు ఆవిరవటం వల్ల ఎంత చల్లబడగలదో అంతకు అది దిగి ఆగుతుంది. తొట్టి కూడా ఫ్యానుతో అంతకన్నా కిందికి పోదు. గనిలో పనిచేసే చోట వెట్ బల్బ్ 33.5 డిగ్రీలు దాటకూడదు, 30.5 దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో కదలాలి అని నియమం. చెమట ఆరితేనే మనిషి చల్లబడతాడు కనుక. చేపకు చెమట లేదు, తొట్టికి నీళ్లున్నాయి. లెక్క ఒకటే.

మే నెలలో ఇక్కడ 44 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం ఉందనుకుంటే వెట్ బల్బ్ 25 దగ్గర ఉంటుంది. అందుకే క్వార్టర్ క్వార్టరుకూ కూలరు, అందుకే తొట్టి మీది ఫ్యాను కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తొలకరి పడి 34 డిగ్రీలు, 75 శాతం తేమ అయ్యేసరికి వెట్ బల్బ్ 30కి ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు కూలరూ దండగే, ఫ్యానూ దండగే. కాకినాడ, విశాఖల్లో ఏడాదిలో చాలా భాగం ఇదే గతి. అక్కడివాళ్లు ఆర్డరిస్తే కింది ఫ్యాను మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పేస్తారట. అమ్మేవాడు ఆ మాట అనటం అరుదు.

ఫ్యాను పెట్టినవాళ్లు మరిచిపోయేది ఇంకొకటుంది. ఆవిరయ్యేది నీరే, అందులోని లవణాలు కాదు. తగ్గినప్పుడల్లా బోరు నీళ్లే పోస్తూ పోతే తొట్టిలో లవణాలు పేరుకుంటాయి, గాజుకు తెల్ల చార పడుతుంది. పోసే నీళ్లు ఆర్వోవి అయితే మేలు, వారానికోసారి కొంత పాత నీరు తీసి మార్చటం తప్పదు.

ఇప్పుడు సింగరేణి బొగ్గులో సింహభాగం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులదే. వాటికి మెయిన్ ఫ్యానూ లేదు, తలుపులూ లేవు. గనిలో తను చేసిన గాలి పని నేర్చుకునేవాళ్లు తగ్గిపోతున్నారని కాక అన్నాడు గానీ, అందులో బాధ కంటే లెక్క చెబుతున్న ధోరణే ఎక్కువ. బాయిలో బతికి బయటపడ్డవాడు మళ్లీ బాయి కావాలని ఎందుకంటాడు?

ఇంతలో మంచిర్యాల నుంచి ఫోన్. టీవీ షెల్ఫులో ఇరికించే తొట్టి, మూతకు కంతలు కనిపించొద్దంటున్నాడు. "కంతలు ఎనకకు పెడత, కనవడయి," అన్నాడు కాక. "గానీ షెల్ఫు ఎనక మూసుకుంటే వదిలిన గాలినే మళ్లా పీలుస్తది. గోడకు ఎడం ఉండాలె." అవతలివాడు బేరంలోకి దిగాడు. ఫేసు దగ్గరి ఫ్యాను తను వదిలిన గాలిని తనే పీల్చకుండా పెట్టాలని గనిలోనూ నియమం ఉంది. ఫోన్‌లో ఆ మాట చెబితే వినేవాడెవడు? ఫోన్ పెట్టేశాక కొడుకు బిల్లు పుస్తకం తీసి కొలతల కింద ఒక వాక్యం రాశాడు: గోడకు నాలుగు వేళ్ల ఎడం లేకుంటే గ్యారంటీ లేదు.