లింకుకి అంటుకున్న 'లో'

మెసేజ్‌లో మనం ఒక వెబ్ అడ్రస్ టైప్ చేసి పంపితే, అవతలివాళ్ల ఫోన్‌లో అది నీలం రంగులో, కింద గీతతో కనపడుతుంది. నొక్కితే తెరుచుకుంటుంది. దాన్ని లింకు చేసింది మనం కాదు, యాప్. పద్ధతి చాలా సింపుల్. 'హెచ్‌టీటీపీ' అనో 'డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ' అనో కనపడగానే అడ్రస్ మొదలైందనుకుని, ఖాళీ వచ్చేదాకా చదువుకుంటూ పోతుంది. చివర్లో ఫుల్‌స్టాపో కామానో ఉంటే వదిలేసి, మిగతాదానికి యాంకర్ ట్యాగ్ తొడుగుతుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు చదివినవాళ్లకి ఒక సాయంత్రం పని.

చిక్కల్లా ఎక్కడంటే, ఇంగ్లీషులో 'ఇన్', 'ఫ్రమ్' విడిగా, మాటకి ముందు ఉంటాయి. మన 'లో', 'కి', 'నుంచి' మాట వెనకాలే వచ్చి అతుక్కుంటాయి.

మా బాబాయ్ పర్చూరు దగ్గర మిర్చి వేస్తాడు. పాత లెక్కలో ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. పోయినేడు పంట నష్టం వివరాలు నింపమని ఆయనకి ఒక ఫారమ్ ఎవరో ఫార్వర్డ్ చేశారు. అడ్రస్ పక్కనే ఖాళీ లేకుండా 'లో నమోదు చేసుకోండి' అని ఉంది. ఆ 'లో' కూడా నీలమైపోయింది. నొక్కితే పేజీ లేదంటోంది. గడువు ఆ సాయంత్రంతో సరి. "నా ఫోను పాతదైపోయిందిరా" అన్నాడు బాబాయ్. "ఫోను కాదు బాబాయ్, చివర 'లో' తీసేసి చూడు" అన్నాను. తెరుచుకుంది.

అదే నెలలో పీఎం కిసాన్ పేరుతో ఒక ఏపీకే ఫైల్ లింకు వచ్చింది. దొంగది. దాని చివర ఏ 'లో' అంటుకోలేదు, నీలంగా నిగనిగలాడుతోంది. అంటే అసలుది తెరుచుకోలేదు, దొంగది ఒక్క నొక్కు దూరంలో ఉంది. బాబాయ్ అడిగిన ప్రశ్న నాకింకా గుర్తే: "నీలంగా ఉందంటే కంపెనీవాళ్లు చూసి పంపినట్టే కదా?"

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ పైన కనపడే ఎరుపుని చూసి ఎవరూ రేటు కట్టరు. లోపలికి చెయ్యి పెట్టి, కాయ తీసి, తేమ, తాలు చూశాకే మాట. లింకు చేసే ప్రోగ్రామ్ పైరంగు దగ్గరే ఆగిపోతుంది. అడ్రస్ ఆకారంలో ఉందా లేదా, అంతే దానికి కావాల్సింది. అది మంచిదో కాదో చూడటం దాని పనే కాదు.

మరి ఇంగ్లీషు అక్షరాలనే ఒప్పుకునేలా రూల్ రాస్తే? 'లో' పోతుంది గానీ, తెలుగు వికీపీడియా అడ్రసులు మధ్యలో తెగుతాయి. తెగకూడదంటే వాటిని శాతం గుర్తుల కోడ్‌లోకి మార్చాలి. 'గుంటూరు'కి యూనికోడ్‌లో 7 సంకేతాలు, ఒక్కోదానికి 3 బైట్లు, ఒక్కో బైటుకి 3 గుర్తులు: మొత్తం 63. ఊరిపేరు ఊరివాడే గుర్తుపట్టలేడు!

నేను ప్రయత్నించి చూసిన చిన్న ఉపాయం ఒకటుంది. స్లాష్ తర్వాత మొదలైన తెలుగు అడ్రస్‌లో భాగం. ఇంగ్లీషు అక్షరానికి నేరుగా అంటుకున్న తెలుగు మన విభక్తి, అక్కడ కత్తిరించెయ్యాలి. చాలావరకు పనిచేస్తుంది. స్లాష్ తర్వాత 'గుంటూరులో' అని వస్తే మాత్రం ఊరెక్కడ అయిపోయిందో, 'లో' ఎక్కడ మొదలైందో తెలుగు వచ్చినవాడికే తెలుసు.

1994లో వెబ్ అడ్రసుల ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 1738 రాసినవాళ్లలో టిమ్ బెర్నర్స్ లీ ఒకరు. మామూలు టెక్స్ట్‌లో అడ్రస్‌ని కోణపు బ్రాకెట్లలో పెట్టమని అందులోనే సలహా ఉంది. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు అన్న గొడవ అంత పాతది.

కాబట్టి ఫ్రెండ్స్, ఇంటికి లింకు పంపేటప్పుడు అడ్రస్‌ని ఒక లైన్‌లో ఒంటరిగా వదలండి. అది ఎవరిదో, ఎందుకో కింద తెలుగులో రాయండి. రేపు మనలో ఎవరైనా యాప్ రాస్తే, టెస్ట్ కేసుల్లో ఒక 'లో' కూడా పెట్టండి.