అక్క భిషీ పుస్తకం

మా అక్క సోలాపూర్‌లో నలభై ఏండ్లు బీడీలు చేసింది. చదివింది మూడో తరగతే. అయినా మా వాడలో పన్నెండు మంది ఆడవాళ్ళ భిషీ ఆమె చేతుల మీదే నడిచేది. నెలకు మనిషికి 500 రూపాయలు. ఎవరికి ఏ నెల అన్నది సంక్రాంతి నాడే చీటీలు తీసి తేల్చేసేది. పుస్తకం మొదటి పేజీలో బిడ్డతో మూడు మాటలు రాయించింది. తీసిన వంతు మారదు. ఎవరికైనా ఆపద వస్తే, వంతున్న మనిషి ఒప్పుకుంటే మార్చుకోవచ్చు. ఎవరైనా పోతే ఆమె వంతు పైసలు ఇంటికి చేరాలి, మిగిలిన కంతులు అందరూ పంచుకొని కట్టాలి.

“ఇదంతా ఇప్పుడే ఎందుకక్కా?” అని నేను నవ్వితే, “ఆపద వచ్చినంక మనిషికి తన ఇల్లొక్కటే కనబడుతది రా. అప్పుడు న్యాయం గుర్తు చేస్తే ఎవరింటరు?” అనేది.

2021 ఏప్రిల్‌లో 45 ఏండ్లు దాటిన అందరికీ కరోనా టీకా అన్నారు. అక్కకు 58, పైగా షుగర్. పొద్దున ఐదున్నరకే పోయి లైన్‌లో నిలబడింది. పదకొండు గంటలకు గేటుకు కాగితం అంటించారు, ‘లస ఉపలబ్ధ నాహీ’ అని. టీకా లేదు. ఆ రోజు బీడీలు చేయలేదు, కూలీ లేదు. రెండోసారి పోయినా అదే కాగితం. మూడోసారి పోదామనుకునేలోపు జ్వరం వచ్చింది. ఆక్సిజన్ మంచం దొరికేసరికి మూడు రోజులు గడిచాయి. మే మొదటి వారంలో అక్క పోయింది. ఒక్క సూది పడి ఉంటే బతికేదా అంటే నేను చెప్పలేను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

ఆ టీకా తయారయ్యే పుణె మాకు రైల్లో నాలుగైదు గంటల దూరం. దేశంలో కేసులు పెరగడంతో మార్చి నెలాఖరు నుంచే బయటి దేశాలకు టీకా పంపడం దాదాపు ఆగిపోయిందని కార్ఖానాలో అనుకున్నారు. సాంచాల చప్పుడులో నేను గట్టిగా అరిచి చెప్పాను, “మంచి పనైంది, ముందు మన ఇల్లు చూసుకోవాలె” అని. అక్క పోయినంక ఆ మాటే ఇంకా కోపంగా అన్నాను. జూన్‌లో నాకు సూది పడింది.

ఆ పంపకం సంగతి పూర్తిగా తెలిసింది తర్వాతనే. 2020 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇంకొన్ని సంస్థలు కలిసి కోవాక్స్ అని ఒకటి మొదలుపెట్టాయి. అదీ ఒక రకం భిషీయే. దేశాలన్నీ అందులో చేరాలి, వచ్చిన టీకాలు అందరికీ వంతులవారీగా పంచాలి. కానీ డబ్బున్న దేశాలు భిషీలో పేరు రాయించుకుంటూనే, వెనక దారిన కంపెనీలకు ముందే పైసలు కట్టి సరుకు బుక్ చేసుకున్నాయి. కెనడా తన జనాభాకు ఎన్నోరెట్లు సరిపోయేంత ఆర్డర్ పెట్టుకుంది.

కోవాక్స్ మొదటి మూట 2021 ఫిబ్రవరి 24న ఆఫ్రికాలోని ఘనాకు చేరింది. 6 లక్షల డోసులు. అవి మన పుణెలో తయారైనవే. నెల తిరిగేసరికి పుణె నుంచి సరఫరా ఆగింది, మళ్ళీ నవంబర్ చివర్లో గానీ మొదలుకాలేదు. 2021 ముగిసేలోగా 200 కోట్ల డోసులు పంచుతామన్న కోవాక్స్, 100 కోట్లు దాటేసరికే 2022 జనవరి అయింది. ఆఫ్రికాలో ఒక సూది వేసుకున్న ఎందరో రెండో సూది కోసం నెలల తరబడి ఎదురుచూశారు. ఆ లైన్లలో కూడా అక్కలు ఉండే ఉంటారు. నేను “మంచి పనైంది” అన్నది వాళ్ళ గురించే.

తప్పు ఎవరిదని తేల్చడానికి ఇది రాయడం లేదు. 2020 అక్టోబర్ 2న మన దేశం, దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో ఒకటి అడిగాయి. ఈ రోగం తగ్గేదాకా పేటెంట్లు పక్కన పెట్టండి, చేయగలిగినవాళ్ళందరినీ టీకాలు, మందులు చేయనివ్వండి అని. వందకు పైగా దేశాలు సరే అన్నాయి. యూరప్ దేశాలు, బ్రిటన్, స్విట్జర్లాండ్ అడ్డం చెప్పాయి. ఇరవై నెలలు గడిచాక, 2022 జూన్‌లో, టీకాల పేటెంట్ల వరకే కొంచెం సడలింపు ఇచ్చారు. అప్పటికి అలలే దాటిపోయాయి. అడిగేవాళ్ళు వందమంది ఉన్నా, ఔననే అధికారం కొందరి చేతిలోనే ఉంది.

ఇంకొకటి చూడండి. 2021 నవంబర్‌లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఒమిక్రాన్ సంగతి దాచకుండా ప్రపంచానికి చెప్పారు. రెండు మూడు రోజుల్లో పెద్ద దేశాలు వాళ్ళ విమానాలు ఆపేశాయి. బట్టలో తప్పు పడుతోందని ముందుగా చెప్పిన కార్మికుణ్ణే శేటు గేటు బయట నిలబెట్టినట్టు. వైరస్ నమూనా ఇవ్వడం పేద దేశాల బాధ్యతట, మందు ఇవ్వడం మాత్రం పెద్ద దేశాల దయ అట.

2025 మే 20న జెనీవాలో మహమ్మారి ఒప్పందం ఒకటి ఆమోదించారు. ఓటింగులో 124 దేశాలు ఔనన్నాయి, 11 తటస్థంగా ఉన్నాయి, ఎవరూ కాదనలేదు. అమెరికా మాత్రం ముందే చర్చల నుంచి తప్పుకుంది. మహమ్మారి వస్తే, అందులో చేరిన కంపెనీలు తయారయ్యే దానిలో 20 శాతం ఎప్పటికప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందేట్టు చూడాలి. అందులో సగమైనా ఉచితంగా ఇవ్వాలి. మంచి మాటే. కానీ నమూనాలు ఎట్లా ఇవ్వాలి, మందు ఎట్లా పంచాలి అన్న అసలు పేజీని మాత్రం తర్వాత రాసుకుందామని ఆ రోజు ఖాళీగా వదిలారు. అక్క అయితే ఆ పేజీ నిండనిదే మొదటి కంతు తీసుకునేది కాదు. భయం పట్టిన రోజున ఎవరూ పక్కింటి గురించి ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు కదా.

సంక్రాంతి చీటీలో అక్కకు వచ్చిన వంతు జూన్. ఆ నెల వాడలో సగం మందికి పని లేదు. మేము అడగనూ లేదు. జూన్ మొదటి ఆదివారం మాపటేళ ఆ పదకొండు మంది పుస్తకం పట్టుకొని మా మేనకోడలి దగ్గరికి వచ్చారు. చిల్లర నోట్లతో సహా లెక్కపెట్టి ఆమె ఒళ్ళో పోశారు. అక్క కంతు కూడా తలా ఇంత వేసుకొని కట్టారు. సరిగ్గా 6,000 ఉంది.