కార్ఖానా రోడ్డు మీద కోపం

హైదరాబాద్‌లో ఇద్దరు కొత్తవాళ్ళ మధ్య మాట కలవాలంటే ట్రాఫిక్ చాలు. "మీదెక్కడ?" అని అడగడమే ఆలస్యం, కష్టాలు మొదలవుతాయి. మల్కాజిగిరివాళ్ళు రైలు పట్టాల కింది దారిలో నిలిచే వాననీళ్ళ గురించి చెబుతారు. కూకట్‌పల్లివాళ్ళు ఇంటి నుంచి మెయిన్ రోడ్డెక్కడానికే పావుగంట పడుతుందంటారు. మాదాపూర్, గచ్చిబౌలిలో ఉద్యోగాలు చేసే పిల్లలు వాన పడిందంటే ఆఫీసులోనే ఉండిపోవడం మేలంటారు. విజయవాడ నుంచి వచ్చిన చుట్టం బెంజి సర్కిల్ సంగతి ఎత్తుతాడు. అందరూ చివరికి తేల్చేది ఒకటే, తామున్న చోటంత అధ్వాన్నమైనది ఇంకెక్కడా లేదని. ఆ మాట వెనక నిజమైన అలసట ఉంది. రోజూ రెండు మూడు గంటలు రోడ్డు మీద పోగొట్టుకునే మనిషికి కోపం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

మాది సికింద్రాబాద్ కార్ఖానా. ఇక్కడి కోపం గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఇది రెండు రకాల కోపం. ఒకటి అందరికీ వినపడుతుంది, రెండోది వినపడదు.

ప్యారడైజ్ కూడలి దాటి జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) వైపు వస్తే రాజీవ్ రహదారి మొదలవుతుంది. ఇది రాష్ట్ర రహదారి నంబర్ 1. కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్, బొల్లారం, హకీంపేట మీదుగా శామీర్‌పేట చేరి, అక్కణ్ణుంచి సిద్దిపేట, కరీంనగర్, రామగుండం పోతుంది. ఉత్తర తెలంగాణ సగం ఈ దారినే రాజధానికి వస్తుంది. జేబీఎస్‌లో బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్న కరీంనగర్ ప్రయాణికుడికి కార్ఖానా ఒక ఊరూ కాదు, బస్తీ కూడా కాదు. బస్సు కదలని ఒక జాగా, అంతే. "కార్ఖానా దాటితే సగం పోయినట్టే" అంటారు బస్సుల్లో. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది. విక్రంపురి, వాసవీనగర్, కాకాగూడ, గన్‌రాక్, వీటన్నిట్లో వేల కుటుంబాలు బతుకుతున్నాయి. వాళ్ళు దాటిపోవాల్సినవాళ్ళు కారు, ఇక్కడే ఉండాల్సినవాళ్ళు.

సాయంత్రం ఆరున్నరప్పుడు ఈ రోడ్డు పక్కన నిలబడి చూడండి. అవతలి మెడికల్ షాపుకు పోవాలని ఒక పెద్దావిడ బయల్దేరుతుంది. చేతిలో చీటీ, చంకలో సంచి. ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు పెట్టి ఉంటాయి, లేనిచోట ఆమె రోడ్డు అంచునే నడవాలి. డివైడర్‌కు కట్ ఉన్నచోట ఆగి, బస్సుకు చేయి అడ్డం పెడుతుంది. బస్సు ఆగుతుంది. కానీ దాని పక్కనుంచి దూసుకొచ్చే స్కూటర్‌వాడికి బస్సు అవతల మనిషి ఉందని తెలియదు. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకు కదిలి, ఎట్లాగో డివైడర్ దాకా చేరుతుంది. అక్కడ ఇంకో గండం. ఈసారి యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వచ్చే బండి, ఆమె చూడని వైపు నుంచి. పక్కన నిలబడ్డ ఆటో అన్న కేకేస్తాడు: "అమ్మా, ఆగు! ఇటు సూడు, ఇటు!" ఆ కేకే ఆమెను కాపాడుతుంది. రోజూ ఇట్లాగే, ఎవరో ఒకరి కేక మీద ఆధారపడి ఇక్కడ మనుషులు రోడ్డు దాటుతున్నారు.

ఆమె కోపం ఏ సర్వేలోనూ నమోదు కాదు. ప్రపంచ నగరాల రద్దీని ఏటా లెక్కగట్టే టామ్‌టామ్ సూచీ చూడండి. 2024లో పది కిలోమీటర్లు పోవడానికి కోల్‌కతాలో సగటున 34 నిమిషాల 33 సెకన్లు, బెంగళూరులో 34 నిమిషాల 10 సెకన్లు పట్టిందని తేల్చింది. మెల్లగా కదిలే తొలి ఇరవై నగరాల్లో ఆ ఏడాది హైదరాబాద్ కూడా ఉంది. ఇట్లాంటి లెక్క రాగానే పత్రికల్లో పతాక శీర్షికలొస్తాయి, మనమూ తలూపుతాం. కానీ ఆ లెక్క కారుది. పది కిలోమీటర్లకు ఎన్ని నిమిషాలని అడుగుతుందే తప్ప, రోడ్డు దాటే వంద అడుగులకు ఎంత భయమని అడగదు.

ఇంకో లెక్క ఉంది. మెర్సర్ సంస్థ నగరాల జీవన నాణ్యతను కొలిచి జాబితా ఇస్తుంటుంది. 2015 నుంచి 2019 దాకా వరుసగా అయిదేళ్ళు భారతదేశంలో హైదరాబాదే ముందుంది. 2019లో పుణె కూడా పక్కన చేరింది. అప్పుడు మనమంతా గర్వపడ్డాం. ఆ 2019 జాబితాలోనే ప్రపంచం మొత్తం మీద మన స్థానం 143. మొదటిది వియన్నా, ఆఖరిది బాగ్దాద్. ఉద్యోగుల్ని విదేశాలకు పంపే కంపెనీల కోసం తయారైన జాబితా అది. బయటి నుంచి వచ్చే ఉద్యోగికి ఈ నగరం ఎట్లా ఉంటుందో చెబుతుంది. కాకాగూడలో పుట్టి పెరిగి, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో మెడికల్ షాపుకు పోవాల్సిన ఆవిడకు ఎట్లా ఉంటుందో చెప్పడం దాని పని కాదు. ఆ పని మనమే చెయ్యాలి.

ఆలస్యం మీదే ధ్యాసంతా పెట్టడం వల్ల మరో నష్టం జరుగుతోంది. కదలని రోడ్డు విసిగిస్తుంది, వేగంగా కదిలే రోడ్డు చంపుతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతానికి పైగా మరణాలకు మితిమీరిన వేగమే కారణం. చనిపోయినవాళ్ళలో 32,825 మంది కేవలం నడిచిపోతున్నవాళ్ళు. బండి లేదు, వేగం లేదు, వాళ్ళ తప్పూ చాలాసార్లు లేదు. ద్విచక్ర వాహనాల మీద పోతూ చనిపోయినవాళ్ళు దాదాపు 75 వేల మంది. కార్ఖానా ఉన్న సికింద్రాబాద్ కంటోన్మెంట్ నియోజకవర్గానికి ఈ దుఃఖం మరీ దగ్గరగా తెలుసు. 2023 డిసెంబరులో గెలిచిన ఎమ్మెల్యే లాస్య నందిత, మూడు నెలలైనా నిండకుండానే, 2024 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున పటాన్‌చెరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు ప్రమాదంలో కన్నుమూశారు. ఏడాది కిందటే తండ్రి సాయన్నను పోగొట్టుకున్న ఇల్లు అది. ఆ ఉదయం మా వీధుల్లో పార్టీలతో పనిలేకుండా అందరి నోటా ఒకటే మాట, "అయ్యో, పాపం, చిన్న పిల్ల." ఆమె ప్రాణం పోయింది ఇరుకు రోడ్డు మీద కాదు. మనం కావాలని కోరుకునే అడ్డంకుల్లేని ఎనిమిది వరసల రోడ్డు మీద.

అందుకే బండి నడిపేవాడి ఫిర్యాదునూ ఇక్కడ నివసించేవాడి ఫిర్యాదునూ ఒకే గాటన కట్టకూడదు. నడిపేవాడు దారి ఖాళీగా ఉండాలంటాడు. ఉండేవాడు దారి భయం లేకుండా ఉండాలంటాడు. ఒకరికి యూటర్న్ దూరమైతే మేలు, ఇంకొకరికి దగ్గరైతే మేలు. ఒకరికి సిగ్నల్ అడ్డు, ఇంకొకరికి సిగ్నలే దిక్కు. ఇద్దరూ ఒకే మనిషి కావచ్చు కూడా. ఉదయం బండి మీద తిరుమలగిరి సిగ్నల్‌ను తిట్టుకునేవాడే సాయంత్రం కూతురి చేయి పట్టుకుని అదే సిగ్నల్ పడాలని ఎదురుచూస్తాడు.

రెండో ఫిర్యాదు ఎందుకు వినపడదంటే, అది ఎవరికి చెప్పాలో తెలియదు గనక. కార్ఖానాలో ఈ చిక్కు మరీ ఎక్కువ. మెయిన్ రోడ్డు రాష్ట్ర ప్రభుత్వానిది. చుట్టుపక్కల నేల చాలావరకు రక్షణ శాఖది. గల్లీ రోడ్లు, చెత్త, వీధి దీపాలు సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డువి. ఆ బోర్డు నడిచేది 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం కింద, దాని అధ్యక్షుడు సైన్యాధికారి. సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది. వీధి మొదట్లో గుంత పడితే మూడుచోట్లకు ఫోన్ చేసినా "అది మా కిందికి రాదండీ" అనే జవాబే రావచ్చు. బోర్డుకు ప్రజలు ఎన్నుకున్న సభ్యులుంటే కనీసం వాళ్ళ ఇంటికి వెళ్ళి తలుపు తట్టేవాళ్ళం. బోర్డు ఎన్నికలు 2015 జనవరిలో జరిగాయి. 2023 ఏప్రిల్ 30న మళ్ళీ జరుపుతామని ప్రకటించి, ఆ తర్వాత రద్దు చేశారు. పట్టణ ప్రాంతాలను కంటోన్మెంట్ల నుంచి విడదీసి మున్సిపాలిటీల్లో కలపాలన్న ఆలోచన నడుస్తోంది. ఏది ఎప్పుడు తేలినా, అప్పటిదాకా గుంత గుంతగానే ఉంటుంది.

ఇంత చిక్కు ఉన్నా, గట్టిగా పట్టువిడవకుండా అడిగితే పని జరుగుతుందనడానికి మా దగ్గరే రుజువులున్నాయి. ఏఓసీ (ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్) ప్రాంతంలో సైన్యం అధీనంలోని రోడ్లు మూసేసినప్పుడు మల్కాజిగిరి, సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్ వైపు జనం ఎన్నో కిలోమీటర్లు చుట్టు తిరగాల్సి వచ్చింది. కాలనీ సంఘాలు ఊరుకోలేదు. విన్నపాలిచ్చారు, ధర్నాలు చేశారు, ఢిల్లీ దాకా పోయారు. దేశమంతటా కంటోన్మెంట్ రోడ్లు పౌరులకు తెరవాలని 2018 మేలో రక్షణ మంత్రిగా ఉన్న నిర్మలా సీతారామన్ ఆదేశాలిచ్చారు. ఆ తర్వాత కూడా వివాదాలు పూర్తిగా ఆగలేదు. అయినా తలుపు తెరుచుకుంటుందని అప్పుడే తెలిసింది.

రెండోది ఇంకా పెద్దది. రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్ కావాలని ఏళ్ళ తరబడి అడిగారు. రక్షణ శాఖ భూమి అడ్డుపడుతూ వచ్చింది. చివరికి 2024 మార్చి మొదట్లో కేంద్రం సమ్మతించింది. మార్చి 7న అల్వాల్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. ప్యారడైజ్ ప్రాంతం నుంచి శామీర్‌పేట ఔటర్ రింగ్ రోడ్డు దాకా దాదాపు 18 కిలోమీటర్లు, అందులో 11 కిలోమీటర్లకు పైగా స్తంభాల మీద, అంచనా ఖర్చు 2,232 కోట్ల రూపాయలు. రోడ్డు వెడల్పు కోసం ఇళ్ళూ దుకాణాలూ పోగొట్టుకోబోయేవాళ్ళ ఆందోళన ఉంది, వెడల్పు తగ్గించమన్న విన్నపాలున్నాయి. తరాలుగా అదే షట్టర్ తెరిచి బతికిన కుటుంబానికి నష్టపరిహారం న్యాయంగా, ఆలస్యం లేకుండా అందాలి. అది వాళ్ళ హక్కు. ఆ మాట చెప్పుకుంటూనే కారిడార్ అవసరమని నేను నమ్ముతాను. కరీంనగర్ నుంచి రోగిని తెస్తున్న అంబులెన్సు మా ఇంటి ముందు సైరన్ మోగిస్తూ నిలబడిపోవడం కళ్ళారా చూసినవాళ్ళెవరూ దాన్ని వద్దనలేరు.

కానీ పై దారి ఎవరిది? దాటిపోయేవాళ్ళది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009 అక్టోబరులో మొదలైంది. విమానాశ్రయానికి పోయేవాళ్ళకు ఎంతో మేలు జరిగింది. దాని మీదకు స్కూటర్లను రానివ్వరు. కింద అత్తాపూర్ దగ్గర స్కూటర్లు, ఆటోలు, సిటీ బస్సులు, నడిచేవాళ్ళు ఇవాళ్టికీ స్తంభాల మధ్య నుంచే దారి వెతుక్కుంటున్నారు. కార్ఖానాలో కూడా అదే జరిగితే నడిపేవాడి ఫిర్యాదు తీరి, ఉండేవాడి ఫిర్యాదు నీడలో పడుతుంది. ఆ నీడ అక్షరాలా మన గుమ్మాల మీద పడేదే.

అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. బస్టాపు ఉన్న ప్రతిచోటా రోడ్డు దాటే సిగ్నల్, అది ముసలివాళ్ళు దాటేంతసేపు ఆగాలి. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉండి బండ్లు ఎక్కడానికి వీల్లేని ఫుట్‌పాత్. రాంగ్ రూట్‌లో రావాల్సిన అవసరమే లేకుండా సరైన దూరంలో యూటర్న్‌లు. స్తంభాల కింద చీకటి లేకుండా దీపాలు. వాననీళ్ళకు దారి. కొట్టేసే చెట్లకు బదులు ఎక్కడ, ఎన్ని, ఎప్పుడు నాటుతారో రాతపూర్వకంగా మాట. ఇవన్నీ ఇంజనీర్ల నక్షాలో ఒక గీత ఖర్చు. కట్టేశాక అడిగితే కోట్ల ఖర్చు.

తిట్టడం మానమని నేననను. "ఈ ఏరియా ఇంతే" అని నిట్టూర్చి ఇంట్లోకి పోవడం మాత్రం మానాలి. ఏ మలుపు, ఏ వేళ, ఏం జరుగుతోంది, ఫొటోతో సహా కాగితం మీద పెట్టాలి. కంటోన్మెంట్ల కోసం 2021లో మొదలైన ఈ-ఛావనీ పోర్టల్ ఉంది, కలెక్టరేట్లో ప్రజావాణి ఉంది, కాలనీ సంఘాలున్నాయి. ఒకరు చెప్తే విన్నపం, నాలుగు కాలనీలు కలిసి చెప్తే లెక్కలోకి వస్తుంది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు కనకే పై దారి మంజూరైంది. కింద ఉండేవాళ్ళం కూడా అంత గట్టిగా, అంత ఓపికగా అడగాలి. స్తంభాలు లేవకముందే అడగాలి.