కళ్లకద్దుకుంటే సరిపోదు

మా ఇళ్లలో బైబిల్‌ని నేల మీద పెట్టరు. పొరపాటున కాలు తగిలితే గబుక్కున తీసి కళ్లకద్దుకుంటారు. పసిపిల్ల నిద్రలో ఉలిక్కిపడితే తలగడ కింద పెడతారు. ఇందులో వింతేమీ లేదు. పుస్తకాన్ని గౌరవించడం మన తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. భగవద్గీత ఉన్న ఇంట్లోనూ, ఖురాన్ ఉన్న ఇంట్లోనూ చూసేదే ఇది.

మరి 'ఇది దేవుని మాట' అని నమ్మాక, ఆ మాటతో చేయాల్సిన పనేమిటి? భద్రంగా అల్మరాలో పెట్టుకోవడమేనా?

క్రైస్తవులు దీనికి జవాబు వెతుక్కునే చోటు ఒకటుంది. అది పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక. చెరసాలలో ఉన్న ఓ పెద్దాయన, కొడుకులా చూసుకున్న యువకుడికి రాసిన ఉత్తరం. లేఖనాలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పడానికి అందులో వాడిన గ్రీకు మాటకు 'దేవుడు ఊపిరి ఊదినది' అని అర్థం. తెలుగు బైబిల్లో 'దైవావేశం' అన్నారు. ఆవేశం అనగానే మనకు పూనకం గుర్తొస్తుంది. కానీ రాసినవాళ్లు ఒళ్లు తెలియకుండా రాశారని కాదు. లూకా అయితే అన్నీ విచారించుకుని మరీ రాస్తున్నానని తన సువార్త మొదట్లోనే చెప్పుకున్నాడు. కీర్తనలు పాడినవాళ్లు దేవుడి ముందు ఏడ్చారు, ఆయన్ని నిలదీశారు. అంతెందుకు, ఈ ఉత్తరంలోనే పౌలు త్రోయలో వదిలి వచ్చిన తన అంగీనీ, పుస్తకాలనూ తెచ్చిపెట్టమంటాడు. చలికాలం రాకముందే రమ్మంటాడు. అలా చలికి భయపడే మనిషి చేతి మీదుగానే దేవుడి మాట వచ్చిందన్నది మా నమ్మకం.

నన్ను ఆకట్టుకునేది మరొకటి ఉంది. 'ఇది దేవుడి నుంచి వచ్చింది' అని చెప్పి పౌలు ఆగిపోడు. ఆ వెంటనే అది దేనికి పనికొస్తుందో చెబుతాడు. బోధించడానికి, తప్పు ఎత్తిచూపడానికి, సరిదిద్దడానికి, నీతిలో పెంచడానికి. చివరికి మనిషిని మంచి పనులకు సిద్ధం చేయడానికి! నాలుగోదాన్ని పాత తెలుగు అనువాదంలో 'శిక్ష' అన్నారు. ఇవాళ్టి పిల్లలు దాన్ని దండన అనుకుంటారు. నిజానికి అది శిక్షణ... చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించడం లాంటిది.

ఈ నాలుగూ ఒకే రాత్రి పనిచేయడం మా ఇంట్లో చూశాను. పొలం గట్టు దగ్గర నాన్నకూ బాబాయికీ తగువొచ్చింది. రెండేళ్లు మాటల్లేవు. ఆదివారం గుడిలో చెరో మూల కూర్చునేవాళ్లు. రాత్రిపూట కుటుంబ ప్రార్థనలో రోజుకో అధ్యాయం వరసగా చదవడం మా ఇంటి అలవాటు. చదువురాని నాయనమ్మ గోడకానుకుని వినేది. ఒక శనివారం మత్తయి సువార్త ఐదో అధ్యాయం వచ్చింది. కానుకతో బలిపీఠం దాకా వెళ్లినవాడు, తన మీద సహోదరుడికి కోపం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడాలని యేసు చెప్పిన భాగం అందులో ఉంది. అక్కడికొచ్చేసరికి నాన్న వేగం పెంచాడు.

"ఆగరా... అది మళ్లీ చదువు" అంది నాయనమ్మ.

చదివాడు.

"రేపు ప్రభు బల్ల ఉంది కదా, మరి?"

"తప్పు వాడిది అమ్మా!"

"తప్పెవరిదని అందులో అడిగిందా?"

నాన్న ఇంకేం మాట్లాడలేదు. చెప్పులేసుకుని వెళ్లాడు. బాగా పొద్దుపోయాక తిరిగొచ్చాడు. గట్టు సంగతి ఆ రాత్రి తేలలేదు. సర్వేయరు వచ్చాకే తేలింది. కానీ కొలిచేటప్పుడు గొలుసుకు ఒక కొస నాన్న పట్టుకున్నాడు, రెండో కొస బాబాయి పట్టుకున్నాడు.

తిమోతికి కూడా విశ్వాసం ముందుగా అందింది ఇంట్లోనే. అవ్వ లోయిని, తల్లి యునీకేను పౌలు పేరుపెట్టి తలచుకుంటాడు. మా నాయనమ్మకు గ్రీకు తెలియదు, అక్షరాలే తెలియవు. ఆమె చెవిన పడింది తెలుగు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు ఆనందరాయర్ సాయంతో మొదలుపెట్టిన సువార్తల అనువాదం 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. దేవుడి మాట వంటింటి భాషలోకి రావడమంటే, తప్పించుకునే దారులు మూసుకుపోవడమే!

కొత్త సంవత్సరం రాత్రి చర్చిలో మనందరికీ వాగ్దానాల కార్డులు ఇస్తారు. మంచి మాట వస్తే ఫ్రేము కట్టించుకుంటాం. 'వెళ్లి మీ తమ్ముడితో మాట్లాడండి' అన్న కార్డు మాత్రం నేనెక్కడా చూడలేదు. ఇంకోవైపు, భార్యకో, కోడలికో, పక్కవాడికో వర్తించే వచనాలు వెతకడంలో మనం ఆరితేరిపోయాం. ఖండించే వాక్యం ముందు చదివేవాడినే తాకాలి కదా!

ఈ పుస్తకం దేవుడి నుంచి వచ్చిందని వాదించి నేనెవరినీ ఒప్పించలేను. మా పక్కింటివాళ్లు బైబిల్ చదవరు. చదివే మమ్మల్ని మాత్రం రోజూ చూస్తుంటారు. అది ఎవరి మాటో వాళ్లు తేల్చుకునేది, మేం చేబదులు ఏ తేదీకి తిరిగిచ్చామన్న దాన్ని బట్టే.